జపాన్ బండి గురించి నేను రాసిన రెండు పేజీలు

2017 జూన్ రెండో వారంలో నన్ను రాయదుర్గంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో గెస్ట్ డ్యూటీ మీద వేశారు. నేను ఆ కంపెనీ మనిషిని కాదు. ఒక ట్రావెల్స్ సంస్థ జీతం మీద ఉన్న డ్రైవరును. ఆ సంస్థ బండ్లనూ మమ్మల్నీ కలిపి కంపెనీలకు కాంట్రాక్టుకు ఇచ్చేది. మా లైనులో పనులు రెండు రకాలు. షిఫ్ట్ డ్యూటీ అంటే ఉద్యోగులను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని ఆఫీసులో దించడం. దానికి వేళాపాళా ఉండదు. ఇవాళ ఒక బండి, రేపు ఇంకో బండి. గెస్ట్ డ్యూటీ అంటే డైరెక్టర్లనూ వాళ్ల ఇంటివాళ్లనూ, బయటి దేశాలనుంచి వచ్చే పెద్దవాళ్లనూ తిప్పడం. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఆరు వరకు, ఒకే డ్రైవరు, ఒకే బండి. యాభై దాటిన ఆడమనిషికి ఆ డ్యూటీ ఇవ్వడం అప్పట్లో వింతే. నరసింహస్వామి దయ అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

నేను బడికి పోలేదు. మాది భువనగిరి పక్కన పల్లె. అమ్మకు ఆరోగ్యం బాగుండకపోవడంతో ఇంటిపని నా మీద పడింది. నాయిన లారీ డ్రైవరు. ఇంటికొచ్చిన రోజుల్లో నన్ను బస్సుల అడ్డా దగ్గరికి తీసుకుపోయి, వచ్చిన ప్రతి బస్సు బోర్డూ చదివించేవాడు. నాకు అక్షరాలు అలా వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు స్పేర్ పార్టుల డబ్బాల మీద నేర్చుకున్నాను. స్టీరింగు కూడా ఆయన దగ్గరే. పెళ్లయ్యాక మా ఆయనకు లింగంపల్లిలో సొంత టాక్సీ ఉండేది. ఆయన పోయాక బ్యాడ్జి లైసెన్సు తీసుకుని నేనే నడిపాను. బ్యాడ్జి అంటే జనాన్ని ఎక్కించుకునే బండి నడపడానికి విడిగా ఇచ్చే అనుమతి. మాకు పిల్లలు లేరు.

కంపెనీకి గెస్ట్ బండ్లు రెండు ఉండేవి. రెండూ ఎత్తైన, ఖరీదైన బండ్లే. తెల్లది జపాన్ కంపెనీది, నల్లది అమెరికా కంపెనీది. తెల్లదాన్ని నాకిచ్చారు. నల్లది యాదగిరి నడిపేవాడు. జనగామ దిక్కు కుర్రవాడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. భార్య మంజుల అదే టవరులో హౌస్‌కీపింగు చేసేది. ఇద్దరూ పొద్దున ఒకే మోటారు సైకిల్ మీద వచ్చి, సాయంత్రం ఒకే దాని మీద పోయేవారు.

డ్రైవర్ల విశ్రాంతి గది రెండో బేస్‌మెంటులో ఉండేది. అందులో ముప్పై మంది మగవాళ్లు పేకాడుతూ, ఫోన్లు చూస్తూ, బెంచీల మీద పడుకుంటూ ఉండేవారు. నన్ను ఎవరూ రావద్దనలేదు. నేను గడప తొక్కితే మాత్రం మాటలు ఆగిపోయేవి, పడుకున్నవాళ్లు లేచి చొక్కాలు సర్దుకునేవారు. వాళ్ల సుఖం చెడగొట్టడమెందుకని నా బండిలోనే కూర్చునేదాన్ని. గెస్ట్ డ్యూటీలో నడిపే సమయం తక్కువ, కాచుకునే సమయం ఎక్కువ. కొన్ని రోజులు నా నోటినుంచి బయటికి వచ్చిన మాటలు ‘గుడ్ మార్నింగ్ సర్’, ‘థాంక్యూ సర్’ ఈ రెండే. వెనక సీట్లో వాళ్లు కుటుంబ గొడవలూ, ఉద్యోగాలు తీసేసే సంగతులూ ముందు మనిషి లేనట్టే మాట్లాడుకునేవారు. అది అమర్యాద అనుకోలేదు. వాళ్లు నన్ను నమ్మారని అనుకునేదాన్ని.

అలా కాచుకున్న గంటల్లో నేను బండి పుస్తకం చదివాను. జపాన్ బండితో పాటు డ్యాష్‌బోర్డు అరలో ఇటుకంత పుస్తకం వచ్చింది. రోజుకు రెండు పేజీలు, తెలియని మాట వస్తే పెన్సిలు గీత. ఏ బల్బుకు ఏ నంబరు ఫ్యూజు, నీళ్లు ఎంత లోతుంటే దాటవచ్చు, ఏ గుర్తు వెలిగితే బండి ఆపాలి, అన్నీ మొదటి సంవత్సరంలోనే నాకు కంఠస్థం అయ్యాయి. బడి లేకపోయినా చదువుకోవడానికి ఒక పుస్తకం దొరికినందుకు దండం పెట్టుకున్నాను. డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మలు పెట్టకూడదని గెస్ట్ బండ్లకు నియమం ఉంది. అందుకని ఎండ పడకుండా దించుకునే రెక్క వెనకాల స్వామి పటం చిన్నది దోపుకున్నాను. రెక్క పైకి లేపి ఉంటే ఎవరికీ కనపడదు.

2019 మార్చిలో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి మూర్తిగారు మా ఇద్దరినీ పిలిచారు. ఆయన కాకినాడవైపు మనిషి, ఎంత చిన్నవాణ్ణయినా ‘అండీ’ అనే పిలిచేవారు. కాంట్రాక్టు కొత్తగా రాస్తున్నారనీ, ఇకనుంచి గెస్ట్ బండి ఒక్కటే ఉంటుందనీ చెప్పారు. ఏది ఉంచాలో తేల్చడానికి మేమిద్దరం బండ్లు మార్చుకుని నెలరోజులు నడపాలి, తరువాత ఎవరి అభిప్రాయం వారు కాగితం మీద రాసివ్వాలి. బండి ఒక్కటైతే డ్రైవరూ ఒక్కరే. రెండోవారు తిరిగి షిఫ్ట్ డ్యూటీకి పోవలసిందే. ఆ మాట ఆయన గోడవైపు చూస్తూ చెప్పారు.

బయటికి రాగానే యాదగిరి నవ్వాడు. “ఇగ ఫికర్ లేదక్కా. నా బండి నడిపినవనుకో, నీ పాల వ్యాను దిక్కు మల్ల సూడవు.”

“నాది పాల వ్యానైతే నీది ఇసుక లారీరా,” అన్నాను.

“లారీనే. అందుకే పోలీసాయన సలాం గొడతడు. నీ దానికి గొడతడా?”

నవ్వులాట అంతవరకే. మంజుల పొద్దున షిఫ్టు మారదు. యాదగిరి షిఫ్ట్ డ్యూటీకి పోతే మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆదివారమే. నేను పోతే నాకు మారేది అంత లేదు, ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు గనక. పోయేది బండి ఒక్కటే. కానీ నాకున్నది కూడా అదొక్కటే.

తాళాలు మార్చుకునేటప్పుడు అప్పగింత పద్ధతి ఒకటుంది. బండి చుట్టూ తిరిగి గీతలు చూసుకోవాలి, టైర్ల గాలి, స్పేర్ చక్రం, జాకీ చూసుకోవాలి, ఇచ్చేవాడు ఆ బండి అలవాట్లు చెప్పాలి. యాదగిరి గబగబా చెప్పుకుపోయాడు. బ్రేకు మెత్తగా తొక్కాలి, ముందు కొస కనపడదు, సెల్లార్ మలుపుల్లో రెండుసార్లు తిప్పుకోవాలి. చివర అన్నాడు: “ఇంకోటక్కా. లోపల మనిషున్నప్పుడు నువ్వు దిగకు. నేనైతే దిగనే దిగను. ఈ బండికి ఒంటిగుంటే బుగులు.”

తన బండిని ఇలా భయపడే మనిషిలా చెప్పుకోవడం వాడికి అలవాటే. ఒకరోజు అలిగిందనేవాడు, ఒకరోజు ఆకలేసిందనేవాడు. “బుగులు నీకా, బండికా?” అన్నాను.

“నీకు నేను జెప్పెడిదేంది, నువ్వు బుక్కు సదివేటిదానివి. అండ్ల అంతా ఉంటది,” అన్నాడు.

అరలో చూస్తే పుస్తకం లేదు. నాలుగు మడతల అట్ట ఒకటి ఉంది. అసలు పుస్తకమంతా ముందున్న తెర లోపలే ఉంటుందని, కావాలంటే వేలితో నొక్కి చదువుకోవాలని దాని మీద రాసి ఉంది. నేను ఒకటి రెండుసార్లు నొక్కి చూశాను. ఏదో పేజీ వచ్చేది, వేలు జరిపితే ఇంకెక్కడికో పోయేది. పెన్సిలు గీత పెట్టుకోవడానికి లేదు. బండి బండేగా అనుకుని మానేశాను. ముప్పై ఏళ్ల అనుభవం మీద నేను చేసిన పొరపాటు అది.

ఇక బండి సంగతి. అమెరికా బండి చెడ్డదని నేను అనను. ఔటర్ రింగు మీద దాని బలం వేరు, కాలు ఆనించగానే పోతుంది. సీట్లు సోఫాల్లా ఉంటాయి. ఎక్కినవాళ్లకు హోదాగా ఉంటుంది. అయితే అది వెడల్పు రోడ్ల కోసం, నా కంటే జానెడు పొడుగున్న డ్రైవరు కోసం తయారైన బండి. నేను ఐదడుగుల మనిషిని. జపాన్ బండిలో సీటు పైకి లేపి, స్టీరింగు దగ్గరికి లాక్కుంటే ముందు బానెట్ రెండు మూలలూ కనపడేవి. దీనిలో సీటు ఎంత లేపినా ముందు నల్లటి అరుగు లాంటిదే కనపడేది. బయోడైవర్సిటీ కూడలిలో ఆగి ఉన్నప్పుడు ఆటో వచ్చి ముందు దూరితే, దాని టాపు తప్ప ఏమీ కనపడేది కాదు. ఏసీ తగ్గించాలంటే తెర మీద నొక్కాలి, అంటే రోడ్డు మీదనుంచి కళ్లు తీయాలి. జపాన్ బండిలో గుండ్రటి మర ఉంటుంది, చెయ్యి పోయిన చోట దొరుకుతుంది. ప్రయాణికులకు ఇవి తెలియవు. వాళ్లకు వెనక సీటు తెలుసు, మాకు ముందు సీటు తెలుసు.

ఇంకొక తేడా ఉంది. జపాన్ బండికి ఇండికేటరు పుల్ల స్టీరింగుకు కుడిపక్కన ఉంటుంది, అమెరికా బండికి ఎడమపక్కన. చేయి అలవాటు కొద్దీ నేను మలుపులో ఇండికేటరు వేయబోతే అద్దాలు తుడిచే వైపర్లు లేచేవి. మిట్టమధ్యాహ్నం మాదాపూర్‌లో పొడి అద్దం మీద కిర్రుకిర్రుమంటూ వైపర్లు ఆడుతుంటే పక్క బండి డ్రైవర్లు చూసి నవ్వేవారు. ఎదురుగా యాదగిరి తెల్ల బండిలో వస్తూ, వాడి వైపర్లూ ఆడుతూ కనపడేవి. వాడు చెయ్యి ఊపేవాడు, నేనూ ఊపేదాన్ని. ఆ నెలలో నేను మనసారా నవ్వింది అప్పుడే.

నా గెస్టుల్లో డైరెక్టరుగారి తల్లి వెంకటరత్నమ్మగారు ఒకరు. డెబ్బై ఎనిమిదేళ్లు. తెల్లాపూర్‌లో కొడుకు విల్లాలో ఉండేవారు. ప్రతి గురువారం ఆవిడను కొండాపూర్‌లో మోకాళ్ల వైద్యానికి తీసుకుపోవడం నా పని. బండి మారినా ఆ పని మారలేదు, ఆవిడే నన్ను మార్చవద్దన్నారు. ఇంట్లో కొడుకూ కోడలూ ఆఫీసుకూ, పిల్లలు బడికీ పోతే, ఆ విల్లాల మధ్య ఆవిడ భాషలో మాట్లాడేవాళ్లు వంటమనిషి తప్ప లేరు. గురువారం బండెక్కిన దగ్గరనుంచి మాట్లాడేవారు. పెసరట్టు పిండి ఎందుకు పులిసిందో, ఏ వీధిలో కొత్తగా ఏ అంతస్తు లేచిందో, తన పెళ్లిలో ఎవరు అలిగారో. “విసుగేస్తోందా సుగుణా?” అని మధ్యలో అడిగేవారు. “లేదమ్మా, చెప్పుండ్రి,” అనేదాన్ని. మర్యాదకు అనలేదు. వారంలో నన్ను పేరు పెట్టి పిలిచే గెస్టు ఆవిడ ఒక్కరే.

వైద్యం అయ్యాక ఆవిడకు ఒళ్లు తేలిపోయి నిద్ర వచ్చేది. అప్పుడు ఆవిడను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఏసీ వేసి, ఇంజిన్ నడుస్తుండగానే బయటినుంచి తాళం వేసి, నేను పైకి పోయి ఫైలూ వచ్చే వారం టోకెనూ తెచ్చేదాన్ని. దీన్ని మా లైనులో ‘ఏసీ మీద వదలడం’ అంటారు. డ్యూటీ పుస్తకంలో మొదటి పేజీలోనే, లోపల గెస్టు ఉండగా డ్రైవరు బండి దిగరాదని రాసి ఉంటుంది. అందరూ చదువుతారు, అందరూ దిగుతారు. జపాన్ బండి రెండేళ్లలో ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు. వదిలి వెళ్లిన బండి వదిలినట్టే సన్నగా నడుస్తూ ఉండేది. ఆవిడ నిద్రపోతూ ఉండేవారు.

ఏప్రిల్ మూడో గురువారం, పదకొండున్నర వేళ, అమెరికా బండిని ఆసుపత్రి పక్కన ఎండలో నిలిపి అలాగే వదిలాను. నీడ ఉన్న జాగాలన్నీ నిండిపోయాయి. పది నిమిషాల పని. ఆ రోజు కొత్త ఎక్స్‌రే ఫైలులో పెట్టాలన్నారు, వాళ్ల కంప్యూటరు మొండికేసింది. కిటికీలోంచి రెండుసార్లు తొంగి చూశాను. నల్ల బండి కదలకుండా నిలబడి ఉంది. నిలబడ్డ బండి ఇంజిన్ నడుస్తోందో లేదో పై అంతస్తునుంచి తెలియదు. నాకు అనుమానమూ రాలేదు.

కిందికి వచ్చేసరికి నలభై నిమిషాలు దాటింది. ఏసీ నడుస్తుంటే బండి కిందికి చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతాయి, ఎంతసేపు నిలిపితే అంత తడి. నేను ముందు చూసింది ఆ తడిని. అది అంచులనుంచి ఎండుకుపోతోంది. పరుగెత్తాను.

వెంకటరత్నమ్మగారు రెండు చేతుల గాజులతో అద్దం మీద కొడుతున్నారు. చప్పుడు బయటికి అంతగా రావడం లేదు. వెనక తలుపులు రెండింటికీ పిల్లల లాకు వేసి ఉంది. డైరెక్టరుగారి చిన్నపిల్లల కోసం యాదగిరి ఎప్పుడో వేసింది, లోపలినుంచి తెరుచుకోదు. ఇంజిన్ ఆగింది గనక అద్దాలు దిగవు. ఆ మోకాళ్లతో ముందు సీట్లోకి దాటడం ఆవిడకు కాదు. తలుపు తీయగానే వేడి నా మొహానికి కొట్టింది. ఆవిడ జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది, పెదవులు ఎండిపోయాయి. నీళ్లు తాగించి, కొంగు తడిపి మెడకు అద్ది, బండి స్టార్టు చేసి, పైనుంచి నర్సును పిలుచుకొచ్చాను. నర్సు నాడి, బీపీ చూసి భయం లేదంది. స్వామి పటం ఆ బండిలో లేదు. మనసులోనే చేతులు జోడించాను. అంతకు ముందూ తరువాతా అంతగా ఎప్పుడూ జోడించలేదు.

ఎందుకు ఆగిందో మధ్యాహ్నం బేస్‌మెంటులో కూర్చుని ఆ తెర మీద వెతికి పట్టుకున్నాను. గంటన్నర పట్టింది. బండి కదలకుండా, పెడలు తొక్కకుండా అరగంట గడిస్తే ఇంజిన్ తనంతట తాను ఆగుతుందని అందులో స్పష్టంగా రాసి ఉంది. పొగ నిండి ఎవరికీ ప్రమాదం జరగకుండా పెట్టిన జాగ్రత్త అది. బండిలో లోపమేమీ లేదు. నేను కిందికి రావడానికి పది నిమిషాల ముందే ఆగి ఉండాలి. నేను ఇంకో పది నిమిషాలు పైన ఉంటే ఏమయ్యేదో పుస్తకంలో లేదు, నాకు తెలుసు.

అంతకు ముందు, ఆవిడను ఇంటికి తీసుకుపోతుండగా నల్లగండ్ల దాటాం. అప్పుడు ఆవిడ అన్నారు: “సుగుణా, మా అబ్బాయితో అనకు.”

“తప్పు నాదమ్మా. చెప్పకుంటె ఎట్ల?”

“నీ గురించి కాదే పిచ్చిదానా. చెప్పావంటే వాడు డాక్టర్ని ఇంటికే పిలిపిస్తాడు. ఇంక నన్ను గుమ్మం దాటనిస్తాడా? ఈ గురువారం ఒక్కటే కదా నాకు. నాకేం కాలేదు. ఇదిగో చూడు, బాగానే ఉన్నాను.” వెనకనుంచి చెయ్యి చాపి నా భుజం తట్టారు.

ఆ వారమంతా కాగితం ముందు కూర్చున్నాను. ఇంట్లో నా ఎదురుగా స్వామి తప్ప సలహా అడగడానికి ఎవరూ లేరు. మూడు రకాలుగా రాయవచ్చు. సంగతి దాచి, బండ్ల తేడాలు మాత్రమే రాయవచ్చు. బండి ఆగిపోయి ముసలావిడ ప్రాణం మీదికి తెచ్చిందని రాయవచ్చు. అందులో ఒక్క అబద్ధం మాటా ఉండదు, అమెరికా బండి మరునాడే పోతుంది, దానితో యాదగిరీ పోతాడు. మూడోది, జరిగింది జరిగినట్టు రాయడం. దాచితే ఆవిడకు గురువారం మిగులుతుంది. కానీ నా తరువాత ఆ బండి ఎక్కే డ్రైవరు కూడా ఏసీ మీద వదులుతాడు. వెనక సీట్లో ఆవిడే ఉంటారు.

రెండు పేజీలు రాశాను. మొదటి పేజీలో జపాన్ బండి ఎందుకు ఉంచాలో రాశాను: ముందు మూలలు కనపడటం, చెయ్యి తడిమితే దొరికే మరలు, సెల్లార్‌లో ఒకే తిప్పుకు తిరగడం, చేతిలో పట్టుకుని చదవగల పుస్తకం. రెండో పేజీలో గురువారం సంగతి రాశాను. నియమం దాటి బండి దిగింది నేను, బండి తన పద్ధతి ప్రకారమే ఆగింది, లోపల మనిషి ఉండగా దిగవద్దని యాదగిరి ముందే చెప్పాడు, తాను ఎప్పుడూ దిగలేదు. కింద సంతకం పెట్టాను.

మూర్తిగారు రెండో పేజీ రెండుసార్లు చదివారు. “ఇది మీరు రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ,” అన్నారు.

“నాకు ఎరికే గద సార్,” అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “రాశారు కాబట్టి నేను పైకి పంపాలి. పంపితే ఏమవుతుందో మీకు తెలుసు కదండీ?”

తెలుసన్నాను.

వారంలో నిర్ణయం వచ్చింది. నా మొదటి పేజీని పూర్తిగా ఒప్పుకున్నారు. జపాన్ బండి ఉంచారు. రెండో పేజీనీ ఒప్పుకున్నారు. ఆ బండి మీద యాదగిరిని వేశారు. గెస్టును ఎప్పుడూ వదలని డ్రైవరు అతనే గనక. నన్ను షిఫ్ట్ డ్యూటీకి పంపారు. అది అన్యాయమని నేను అనను. నేనైనా అలాగే చేసేదాన్ని.

అప్పగింత రోజు యాదగిరి తల ఎత్తలేదు. “అట్ల ఎందుకు రాసినవక్కా? నా పేరు రాయకుంటె ఏమయితుండె?”

“ఉన్నదే రాసిన. నువ్వు చెప్పినవా లేదా?”

“చెప్పిన. నవ్వులాటకు చెప్పినట్టు చెప్పిన. అరగంటకు ఆగుతదని సాఫ్ సీదా చెప్పాలె. నువ్వు సదువుకుంటవులే అనుకున్న.”

“నేను కూడా అట్లనే అనుకున్న, నాకు అన్నీ ఎరికే అని. ఇగ చాలుగని, ఇండికేటరు కుడిపక్కకు. మల్ల వైపర్లు ఆడియ్యకు.” అప్పుడు కొంచెం నవ్వాడు. పెన్సిలు గీతలున్న పుస్తకం వాడి చేతికిచ్చాను. రెక్క దించి పటం తీయబోతే, “ఉండనియ్యక్కా, బండి దానికి అలవాటు పడ్డది,” అన్నాడు. ఉంచేశాను.

డైరెక్టరుగారు తల్లికి వైద్యుణ్ణి ఇంటికే ఏర్పాటు చేశారు. ఆవిడ చెప్పినట్టే జరిగింది. ఆ తరువాత ఆవిడను నేను చూడలేదు. నాలుగు నెలలకు ఒకసారి కొత్త నంబరునుంచి ఫోను వచ్చింది. “సుగుణా, గురువారం కదా, ఊరికే చేశాను,” అన్నారు. నేను చందానగర్‌లో ఉద్యోగులను ఎక్కించుకుంటున్నాను. బండి పక్కకు తీసి ఆపి, మాట్లాడి, తరువాత కదిలాను. నామీద కోపం ఉందా అని అడగలేదు. ఆవిడా చెప్పలేదు. పెసరట్ల గురించే మాట్లాడారు.

నేను 2022లో పని మానేశాను. శేరిలింగంపల్లిలో ఒక గది, కిటికీలోంచి రైలు పట్టాలు. కాలనీలో ఎవరైనా పెద్ద బండి కొనాలనుకుంటే, ఏది మంచిదని నన్ను అడుగుతారు. జపాన్ బండే మంచిదని చెబుతాను, కారణాలూ చెబుతాను. ఆ మొదటి పేజీలో ఒక్క అక్షరం కూడా మార్చను.

కాని ఆ పేజీలో రాయని కారణం ఒకటుంది. ఆ బండి నాకు అంత నచ్చడానికి, ఒంటరిగా వదిలినా అది ఊరుకోవడం కూడా కారణమే. రెండేళ్లు అది ఊరుకుంది కాబట్టే వదలడం నాకు అలవాటైంది. నమ్మకమైన బండి డ్రైవరు జాగ్రత్తను కొంచెం కొంచెంగా తీసుకుపోతుంది, పోయినట్టు తెలియదు. ఏ దేశపు బండైనా వెనక సీట్లో మనిషి ఉంటే ముందు సీటు ఖాళీగా ఉండకూడదు. డ్యూటీ పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నదీ అదే.